స్త్రీజనారోగ్యము, బీమాధర్మము

(దువ్వూరులో జరిగిన స్మారకసభయందు చదువబడిన ఉపన్యాసపాఠము)

ఎవరి సంస్మరణార్థము మనమిక్కడ సమావేశమైతిమో ఆమె యసలు పేరు ఆహ్వానపత్రముపై ముద్రితమైయున్నను, కె.సి. కాలువ క్రింది యీ పల్లెలన్నియు ఆమెను నర్సమ్మ యనియే పిలిచినవి. కాన్పులు చేయుట, టీకాలు వేయుట, కుటుంబనియంత్రణ శస్త్రచికిత్సకు స్త్రీలను వెంటబెట్టుకొని ప్రొద్దుటూరు పోవుట ఆమెకు ప్రభుత్వము విధించిన పనులు. ఎవరును విధింపని పని యొకటి ఆమె తనకు తానే విధించుకొనెను. బిడ్డలను కనుట ముగిసిన స్త్రీని ఆమె మరువలేదు. నలుబదేండ్ల యిల్లాలు ఎదురైనప్పుడు అరుగుమీదనే కూర్చుండబెట్టి, గొంతు తగ్గించి, "రొమ్ములో గడ్డేమన్నా తగులుతాందా మా? తెల్లబట్ట అయితాందా?" అని యడుగుట ఆమెకు అలవాటు. ఆ యుత్తరమును వ్రాసికొనుటకు ఆనాటి యే రిజిస్టరులోను గడి లేదు. ఆ గడి యేల లేకపోయినది, దాని నిప్పుడెవరు గీయవలెను అనునదియే నేటి నా విచారణ.

నేను ప్రతిపాదింపదలచిన సిద్ధాంతము ఒక్కటియే. రోగి మంచమెక్కిన పిమ్మటనే తన బాధ్యత ఆరంభమగునని తలంచెడు బీమా, ఏండ్ల తరబడి నొప్పి తెలియనీయక పెరిగెడు స్త్రీ వ్యాధుల విషయమున సగము బీమాయే యగును. ఆరోగ్యవతిగ కనబడు స్త్రీకి చేయు పరీక్షయు, అందులో అనుమానము కలిగినచో నిర్ధారణ వఱకు నడువవలసిన దారియంతయు బీమా భరించినప్పుడే అది యామెకు రక్ష యగును. ఈ మాట లెక్కకును నిలుచును, ధర్మమునకును నిలుచునని నా విశ్వాసము.

బీమా యను వ్యవస్థ సముద్రవ్యాపారమునుండి పుట్టినది. ఓడ మునిగిన వర్తకుని నష్టమును పదుగురు వర్తకులు పంచుకొనుట దాని తొలిరూపము. తరువాత ఇల్లు కాలుట, యజమాని మరణించుట దాని పరిధిలోనికి వచ్చినవి. 1883లో జర్మనీ దేశమున బిస్మార్కు కార్మికులకు ఆరోగ్యబీమాను చట్టబద్ధము చేసినప్పుడు, రోగము కూడ ఆకస్మికోపద్రవముగనే, కూలి తెచ్చు చేయి కొన్నాళ్లు పడిపోవుటగనే భావింపబడెను. మనదేశమున 1948 నాటి ఉద్యోగుల రాజ్యబీమా చట్టము, మనము ఇ.ఎస్.ఐ. యని పిలుచునది, ఆ భావమునకే వారసురాలు. కార్ఖానా గేటులోనికి పోవువానికి అది వర్తించెను గాని, కళ్లములో పసుపు ఉడకబెట్టు స్త్రీకి వర్తింపలేదు. 1956లో జీవితబీమాయు, 1972 నాటి చట్టముతో సాధారణ బీమాయు జాతీయము చేయబడిన మీదట, 1986లో ప్రభుత్వసంస్థలు మెడిక్లెయిం పాలసీని తెచ్చినవి. దాని మూలసూత్రము 24 గంటలైన ఆసుపత్రిలో చేరియుండుట. చేరినవానికి పైకము, చేరనివానికి శూన్యము. పరీక్ష చేయించుకొని వ్యాధి లేదని తెలిసికొని యింటికి మరలిన స్త్రీ, ఆ సూత్రము ప్రకారము, ఏ నష్టమును పొందలేదు గనుక ఏ పరిహారమునకును అర్హురాలు కాదు.

ఈ చరిత్రలోనికి స్త్రీ ప్రవేశించిన ద్వారము ప్రసూతి. 1929లో బొంబాయి రాష్ట్రమునందు, 1961లో దేశమంతటికిని ప్రసూతి ప్రయోజన చట్టములు ఏర్పడెను. అవి గొప్ప చట్టములే. కాని వాని నీడలో ఒక భావన స్థిరపడినది: స్త్రీ యారోగ్యమనగా తల్లియారోగ్యము, తల్లియారోగ్యమనగా బిడ్డయారోగ్యము. మన రాష్ట్రమున నేటికిని వివాహితలలో నూటికి డెబ్బదిమందికి దగ్గరగ కుటుంబనియంత్రణ శస్త్రచికిత్స చేయించుకొన్నవారున్నారు. వారిలో చాలమందికి అది ముప్పదియేండ్లు నిండకముందే జరిగిపోవుచున్నది. ఆ కుట్లు విప్పిన దినముతో ఆమెకును ప్రభుత్వవైద్యమునకును గల సంబంధము దాదాపు తెగిపోవును. గర్భాశయ ముఖద్వారమున క్యాన్సరు బీజము పడి నెమ్మదిగ మొలకెత్తు వయస్సు, రొమ్ములో గడ్డ మొదలగు వయస్సు సరిగా అప్పటినుండియే. వైద్యవ్యవస్థ ఆమెను విడిచిపెట్టిన చోటనే వ్యాధి యామెను పట్టుకొనుచున్నది.

ఇట్లు కాకుండుటకు మార్గము చూపినవారు లేకపోలేదు. 1943లో నియమితమై 1946లో నివేదిక సమర్పించిన భోర్ కమిటీ, వైద్యమునకు వెల చెల్లింపలేని కారణమున ఎవరికిని వైద్యము నిరాకరింపబడరాదని సూత్రీకరించి, చికిత్సతోపాటు నివారణను ప్రాథమికారోగ్య కేంద్రముల పునాదిలోనే చేర్చవలెనని చెప్పెను. ఆ కమిటీలో సభ్యులైన ఆర్కాట్ లక్ష్మణస్వామి మొదలియారుగారు మన పొరుగు కర్నూలున జన్మించినవారు, ప్రసూతిశాస్త్రమున తరతరముల విద్యార్థులకు పాఠ్యగ్రంథము నిచ్చినవారు. ఆ నివేదిక నేడు చదివినను అందలి ప్రణాళిక ముసలిది కాలేదని తోచును.

కడప జిల్లా మదరాసు రాజధానిలో భాగమై యుండిన కాలమున, మదరాసు నగరమందే డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు ఈ విషయమై చేసిన కృషిని ఇక్కడ స్మరింపక ముందుకు పోలేను. 1886లో పుదుక్కోటలో జన్మించి, 1912లో వైద్యపట్టము నంది, 1927లో మదరాసు శాసనమండలిలో తొలి స్త్రీసభ్యురాలై యుపాధ్యక్షపదవి నలంకరించిన ఆ మహనీయురాలు, తన చెల్లెలు క్యాన్సరుతో కృశించి మరణించుట కన్నులార చూచి, దానికొక ప్రత్యేకాలయము కట్టనిదే విశ్రమింపనని తలచిరి. 1954లో అడయారులో క్యాన్సరు ఇన్‌స్టిట్యూటు వెలసినది. దానిని వెలయించినది స్త్రీల సంఘమను సంగతి మనము మరువరాదు. మరుసటి సంవత్సరము అచట చేరి 2021లో కన్నుమూయువఱకు ఆ సంస్థనే యిల్లు చేసికొనిన డాక్టరు వి. శాంతగారు, వ్యాధిని ముందుగ గుర్తించుటయే పేదకు దక్కు ముఖ్యమైన చికిత్స యని జీవితాంతము బోధించిరి. హైదరాబాదులో బసవతారకముగారి పేరిట 2000లో ఆరంభమైన ఆసుపత్రికిని మూలము ఒక యిల్లాలి క్యాన్సరు మరణమే. మన ప్రాంతమున ఈ వ్యాధికి కట్టిన ఆలయములలో రెండింటి పునాదులలో ఇట్లు ఒక చెల్లెలును ఒక భార్యయును ఉన్నారు. వారి ప్రాణములు పోయిన తరువాత గదా ఆ గోడలు లేచినవి!

ఇక మన సీమ మాట. జమ్మలమడుగులో లండను మిషనరీ సంఘమువారు గతశతాబ్ది ఆరంభమునకు ముందే స్థాపించిన వైద్యాలయము, డాక్టరు క్యాంబెల్ దంపతుల సేవతో, తరువాత క్యాంబెల్ ఆసుపత్రిగ ప్రసిద్ధమైనది. పరపురుషుడు నాడి పట్టుటకైన సమ్మతింపని యిండ్లనుండి స్త్రీలు అచటికి బండ్లు కట్టుకొని పోవుటకు, అందు ఒక వైద్యురాలు ఉండుటయే కారణము. పులివెందులకు చెందిన యువవైద్యుడు వై.యస్. రాజశేఖరరెడ్డిగారు ఆ జమ్మలమడుగు మిషను ఆసుపత్రిలోనే కొంతకాలము పనిచేసి, 1973లో పులివెందులలో తండ్రిగారి పేరిట 70 పడకల ఆసుపత్రిని స్థాపించిరి. ముఖ్యమంత్రియైన పిమ్మట ఆయన 2007 ఏప్రిల్ 1న అనంతపురము, మహబూబ్‌నగర్, శ్రీకాకుళము జిల్లాలలో ఆరోగ్యశ్రీ పథకమును ఆరంభించిరి. తెల్లకార్డు చేతబట్టుకొన్న నిరుపేద కార్పొరేటు ఆసుపత్రి మెట్లెక్కి శస్త్రచికిత్స చేయించుకొని వచ్చుట ఆంధ్రదేశమున అంతకుముందు ఎవరును ఎఱుగని దృశ్యము. కుటుంబమునకు రెండు లక్షల రూపాయలతో మొదలైన చికిత్సవ్యయపు పరిమితి 2023 నాటికి 25 లక్షలకు పెరిగినది. క్యాన్సరునకు శస్త్రచికిత్స, కీమోథెరపీ, రేడియేషను అన్నియు అందులో కలవు. దాని పేరులు మారినవి, ప్రభుత్వములు మారినవి. ప్రజలు దానిని పోనీయలేదు. ఆ పథకమువలన బ్రతికి నేడీ సభలో కూర్చున్నవారు ఉండియుందురు. దానిని చిన్నచేసి మాటలాడుట కృతఘ్నత యగును.

అయినను, కృతజ్ఞతయున్నచోటనే విమర్శకును చోటుండవలెను. ఆరోగ్యశ్రీ చెల్లించినది చికిత్సకు. 2018 సెప్టెంబరులో వెలసిన ఆయుష్మాన్ భారత్ బీమా, కుటుంబమునకు ఏటా ఐదు లక్షల వఱకు చెల్లించునది కూడ ఆసుపత్రిలో చేరినవారికే. ముందస్తు పరీక్ష వేఱొక శాఖకు, వేఱొక ఖాతాకు వదలబడినది. 2016 నాటి కేంద్ర మార్గదర్శకముల ననుసరించి ముప్పది యేండ్లు దాటిన స్త్రీకి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు ఐదేండ్ల కొకమాఱు ప్రభుత్వ కేంద్రములలో జరుగవలెను; 2024 చివర మన రాష్ట్రము ఇంటింటికి తిరిగి క్యాన్సరు అనుమానితులను గుర్తించు కార్యక్రమమును చేపట్టినది. ఇవి శుభారంభములే. కాని 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే చూడుడు: ముప్పది మొదలు నలుబదితొమ్మిదేండ్ల భారతస్త్రీలలో ఒక్కమాఱైన గర్భాశయ ముఖద్వార పరీక్ష జరిగినవారు నూటికి ఇద్దరు కూడ లేరు, 1.9 మాత్రమే, రొమ్ముపరీక్ష జరిగినవారు 0.9. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనసంస్థ అంచనాల ప్రకారము 2022వ సంవత్సరమున మనదేశమున గర్భాశయ ముఖద్వార క్యాన్సరుచే మరణించిన స్త్రీలు డెబ్బదితొమ్మిది వేలకు పైబడినవారు.

ఈ వ్యాధి విషయమున మన ఉపేక్షను క్షమించుట కష్టము. ఏలయన, క్యాన్సరులన్నింటిలో ముందుగ పట్టుకొనుటకు మిక్కిలి అనువైనది ఇదియే. హ్యూమన్ పాపిలోమా వైరస్ సోకిన కణము క్యాన్సరుగ మారుటకు సాధారణముగ పదియేండ్లో అంతకంటె ఎక్కువయో పట్టును. పరీక్ష ఎంత సులభమో చూచినవారికి తెలియును. ఆరోగ్యకేంద్రములోని ఒక గది, తలుపునకు తెర, బల్ల, మంచి దీపము. నర్సు దూదిని పలుచని ఎసిటిక్ ఆమ్లమున ముంచి గర్భాశయ ముఖద్వారమున నద్ది, ఒక నిమిషము ఊరకుండును. చెడుటకు మొదలిడిన చోటు ఉన్నచో ఆ నిమిషములో అది సున్నము పూసినట్లు తెల్లబారి కనబడును. ముంబయి మురికివాడలలో పదవతరగతి చదివిన స్త్రీలకు కొన్ని వారముల శిక్షణ నిచ్చి, వారిచేతనే ఈ పరీక్షను లక్షన్నరమంది స్త్రీలతో కూడిన అధ్యయనమున జరిపింపగా, ఈ క్యాన్సరు మరణములు దాదాపు మూడింట ఒకవంతు తగ్గినవని 2014లో వెల్లడియైనది. మహారాష్ట్రలోని నాటి ఉస్మానాబాదు పల్లెలలో లక్షాముప్పదివేలమంది స్త్రీలతో జరిగిన అధ్యయనము, జీవితమున ఒక్కమాఱు చేసిన వైరస్ పరీక్షయే మరణములను సగమునకు తగ్గింపగలదని 2009లో లోకమునకు చాటెను. ఉస్మానాబాదు మనవంటి మెట్టసీమయే, అచటి తల్లులు మన తల్లులవంటి కూలిపడుచులే.

పరీక్షకు పైకము లేక చికిత్సకు మాత్రము పైకమున్నచోట ఏమి జరుగునో మన రాష్ట్రమే ఉదాహరణము. ఈ మాటను కొంత విస్తరింపవలసియున్నది. 2015–16 సర్వే ప్రకారము పదునైదు మొదలు నలుబదితొమ్మిదేండ్ల స్త్రీలలో గర్భాశయము తొలగించుకొన్నవారు దేశమున నూటికి ముగ్గురుండగా, ఆంధ్రప్రదేశమున దాదాపు తొమ్మిదిమంది. ఏ రాష్ట్రముకంటెను ఎక్కువ. మన పల్లెలలో "సంచి తీయించుకున్నా" నను మాట ఎంత సామాన్యమైనదో మీరెఱుగుదురు. తెల్లబట్ట యనియో, నడుమునొప్పి యనియో పోయిన స్త్రీకి, తీయకున్న క్యాన్సరగునను భయము కల్పింపబడును. ఆ భయము నిజమా కాదా యని తేల్చు పరీక్ష మాత్రము చేయబడదు. పిల్లలు పుట్టిరి గదా, ఇక సంచి యెందులకను మాట ఇంటివారినుండియే వచ్చును. ముప్పదియైదేండ్లకే గర్భాశయముతో, అనేకమాఱులు అండాశయములతో గూడ వేఱుపడిన స్త్రీ, ఎముకల బలమును, గుండెబలమును ఎంత కోలుపోవునో ఆమెకు ముందుగ ఎవరును చెప్పరు. అనవసరముగ జరుగు ఈ శస్త్రచికిత్సలను అరికట్టు మార్గదర్శకములను రాష్ట్రములు అమలుపరుపవలెనని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశింపవలసివచ్చెను. ఒక్క నిమిషపు పరీక్షకు బీమా వెల కట్టియుండినచో, ఎందఱు స్త్రీలు వ్యాధి లేదని తెలిసి నిశ్చింతగ యిల్లు చేరియుందురు! పరీక్ష వ్యాధిని కనుగొనుటకు మాత్రమే గాక, లేని వ్యాధికి కత్తి తగులకుండ కాపాడుటకును పనికివచ్చునను సత్యము బీమాలెక్కలు వేయువారికి ఇంకను పట్టలేదు.

కె.సి. కాలువను ఎఱిగిన మీకు నేనొక మాట చెప్పనక్కఱలేదు. గండి పడిన తరువాత ఇసుకబస్తాలకు, కూలీలకు, మునిగిన మళ్లకు అగు వ్యయమునెదుట, కట్టవెంట నడచి చెమ్మ చూచు లస్కరు జీతము ఎంతటిది? ఆ జీతమును దండుగ యని యే రైతును అనడు; పరీక్షకగు వ్యయమును అట్టిదే.

పరీక్ష జరిగిన పిమ్మటి కథ ఇంకను ముఖ్యమైనది, మిక్కిలి తక్కువగ చర్చింపబడునదియు అదియే. తెల్లమచ్చ కనబడినదని నర్సు చెప్పినది. తరువాత? ఆ స్త్రీ ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రికో, కడపకో, తిరుపతికో పోవలెను. కాల్పోస్కోపీ యను భూతద్దపు పరీక్షయు, ముక్క తీసి చూచు బయాప్సీయు జరుగవలెను. ఫలితమునకై మఱల పోవలెను. ఆ ముక్కలో క్యాన్సరు ఉన్నదని తేలినచో ఆమె చికిత్స ఖర్చు ఆరోగ్యశ్రీ పథకమును నడుపు ట్రస్టు వహించును. క్యాన్సరు కాక, క్యాన్సరునకు ముందటి దశ యని తేలినచో, అనగా ఆమె ప్రాణమును మిక్కిలి సులభముగ కాపాడదగిన యదృష్టదశలో, ఆమె రాకపోకల ఛార్జీలకు, పోయిన కూలికి, బయట చేయించుకొన్న పరీక్షకు దిక్కెవరు? ఒక తల్లిని నేను, మఱల ఆసుపత్రికేల పోలేదని యడుగగా, "నేను బాగనే ఉండాను గద సామీ, బాగుండేదానికి రెండుసార్లు బస్సు ఛార్జీ ఎవురిస్తారు?" అని యామె ప్రశ్నించినది. ఆమె మొండిది కాదు. ఆ దశలో ఆమె చేతిలోని కార్డు పనిచేయదని ఆమె మనకంటె స్పష్టముగ గ్రహించినది.

సంపన్నదేశములును ఈ తప్పు చేసి దిద్దుకొన్నవే. అమెరికాలో 2010 నాటి ఆరోగ్యచట్టము, నిపుణసంఘము సిఫారసు చేసిన నివారణ పరీక్షలకు రోగినుండి ఒక్క డాలరైన వసూలు చేయరాదని బీమాకంపెనీలను కట్టడి చేసినది. టెక్సాసులోను న్యూజెర్సీలోను ఉన్న మన తెలుగుబిడ్డలు మామోగ్రాముకు జేబు తడుముకొననవసరము లేకపోవుట దాని ఫలమే. కాని తొలి పరీక్ష ఉచితమై, అనుమానము వచ్చిన తరువాతి పరీక్షలకు బిల్లు వచ్చుచుండుటచే అనేకులు మధ్యలో ఆగిపోవుట కనిపెట్టి, 2024 చివర అచటి ఆరోగ్యశాఖ స్త్రీల నివారణసేవల నియమములను సవరించి, రొమ్ము విషయమున నిర్ధారణకు కావలసిన తదుపరి పరీక్షలను, దారి చూపు సహాయకుల సేవను కూడ 2026 నుండి బీమాపైననే యుంచెను. ఆ దేశపు వైద్యవ్యయమును మనము అనుకరింపనక్కఱలేదు. ఈ యొక్క గ్రహింపును మాత్రము నిస్సంకోచముగ స్వీకరింపవచ్చును.

ఇంత చెప్పిన నేను, పరీక్షలన్నియు మేలనుట లేదు. ఆదాయపుపన్ను చట్టము ముందస్తు పరీక్షలకు ఐదువేల రూపాయల వఱకు మినహాయింపు ఇచ్చుచున్నది. పన్ను కట్టు ఆదాయము లేని స్త్రీకి అది ఎందులకును కొఱగాదు, పైగా పట్టణములలో ఫుల్ బాడీ చెకప్‌ల బేరమునకది యూతమైనది. దక్షిణకొరియాలో వివేచన లేక అందఱి మెడలను యంత్రముతో పరీక్షింపగా, 1993కును 2011కును నడుమ థైరాయిడ్ క్యాన్సరు నిర్ధారణలు పదునైదింతలై, మరణములు మాత్రము తగ్గకుండెను. రొమ్ము విషయములోను, శిక్షణ గల స్త్రీ చేతితో రెండేండ్ల కొకమాఱు చేసిన పరీక్షవలన ఏబదియేండ్లు దాటినవారిలో మరణములు దాదాపు మూడింట ఒకవంతు తగ్గినను, అంతకంటె పిన్నవారిలో అట్టి ప్రయోజనము కనబడలేదని ముంబయిలో ఇరువదేండ్లు సాగిన అధ్యయనము 2021లో తెలిపెను. కనుక బీమా కొనవలసిన పరీక్ష ఏదో, ఏ వయస్సున, ఎన్నేండ్ల కొకమాఱో శాస్త్రము నిర్ణయింపవలెను గాని అంగడి నిర్ణయింపరాదు.

విశ్వాసము మాటయు చెప్పవలెను. 2009లో అప్పటి మన రాష్ట్రపు ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు హ్యూమన్ పాపిలోమా వైరస్ టీకా వేసిన ప్రయోగాత్మక కార్యక్రమమున, తలిదండ్రులకు బదులు హాస్టలు వార్డెన్ల సంతకములు తీసికొనబడెను. తరువాత కొందఱు బాలికలు మరణించిరి. ఆ మరణములకు టీకా కారణము కాదని విచారణ తేల్చినను, సమ్మతి గ్రహించిన తీరు దోషభూయిష్ఠమని వెల్లడియై, 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమమే నిలిపివేయబడెను. మంచి టీకా యొకటి అందువలన పదేండ్లకు పైగా అనుమానములో పడినది. పేదస్త్రీ దేహమును ముట్టుటకు ముందు ఆమె కర్థమగు మాటలలో చెప్పి, ఆమె యౌనన్న పిమ్మటనే ముట్టుట వైద్యధర్మము. తొందరపడి దానిని దాటినవారు వేలాది ఇతర స్త్రీలకు గూడ తలుపులు మూసినవారైరి.

2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గము బీమాసంస్థలను, ట్రస్టును జోడించు నూతన ఆరోగ్యబీమా విధానమునకు ఆమోదము తెలిపినది. టెండరులలో, ప్యాకేజీల పట్టికలలో ఏ పంక్తి చేరునో, ఏది చేరదో అట్టి విధానమునందే నిర్ణయమగును. అందుచే ఈ సభలోనున్న సర్పంచులను, వార్డుసభ్యులను, స్వయంసహాయక సంఘముల తల్లులను ఒకటి కోరుచున్నాను. రాబోవు గ్రామసభలో ఒక తీర్మానము వ్రాసి ట్రస్టునకును, శాసనసభ్యులకును పంపుడు. ముప్పదియేండ్లు దాటిన ప్రతి స్త్రీకిని గర్భాశయ ముఖద్వార పరీక్షయు రొమ్ముపరీక్షయు కార్డుపై హక్కుగ నమోదు కావలెను. అనుమానము వచ్చినచో కాల్పోస్కోపీ, బయాప్సీ, క్యాన్సరునకు ముందటి దశకు చేయు చికిత్స ప్యాకేజీలలో చేరవలెను. ఆ రెండు మూడు రాకపోకలకు బస్సు ఛార్జీయు, ఉపాధిహామీ రేటున దినకూలియు ఆమె ఖాతాలోనే, భర్త ఖాతాలో కాదు, పడవలెను. గర్భాశయము తొలగించుటకు ముందు ఈ పరీక్ష జరిగిన కాగితము లేనిదే యే ఆసుపత్రి బిల్లును చెల్లింపరాదు. పరీక్ష జరిగి ఫలితము చేరని స్త్రీల పేరులు, ఇతరులకు కనబడని రీతిగ, ఏ.ఎన్.ఎం. చేతి రిజిస్టరులో ప్రత్యేకపు గడిలో ఉండి, ప్రతి నెలయు వైద్యాధికారి వానిపై సంతకము చేయవలెను.